పెన్నుకి పదహారు వేల యెన్నులు

మాది రాజమండ్రి. 2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అయింది. దస్తావేజుల్లో అలాగే రాస్తాను, నోటికి మాత్రం రాజమండ్రే. ఇరవై ఆరేళ్ళుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తున్నాను.

నా దగ్గరికి వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చునేలోపే అడిగే మాట ఒకటే: "మొత్తం ఎంతవుద్దండీ?" స్థలం ఎంతకి కొన్నారో వాళ్ళకి తెలుసు. ఆ పైన ఎంతవుతుందో తెలియదు. స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి ఏడున్నర. అదీ వాళ్ళు కొన్న రేటు మీదే అని కాదు, ప్రభుత్వం పుస్తకంలో రేటు దానికన్నా ఎక్కువుంటే ఆ రేటు మీద. నా రాత కూలి వేరే. ఇదంతా ఒక చీటీ మీద వేసి చేతిలో పెట్టాకే కాగితాలు చూస్తాను. మా నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. చివర్లో కొత్త ఖర్చు చెప్తే మనిషి మొహం ఎలా మారుతుందో ఆయనకి తెలుసు.

ఇలా ఊరందరికీ చీటీలు రాసిచ్చే నేను, నాకోసం ఒక్క చీటీ రాసుకోకుండా 2024 కార్తీక మాసంలో జపాన్ నుంచి ఒక పెన్ను తెప్పించాను.

పెన్నులకి పుట్టిల్లు లాంటి ఊళ్ళో ఉంటూ జపాన్ పెన్నేంటని మీరు అడగొచ్చు. మా ఆవిడ ముందే అడిగింది. రత్నం పెన్ను పుట్టింది ఇక్కడే. బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులు ఇది పనికొస్తుందని గాంధీగారు 1935లో ఉత్తరం రాసింది ఈ ఊరి పెన్ను గురించే. మా నాన్న దస్తావేజులన్నీ ఇక్కడ లేతు మీద తీసిన గట్టి రబ్బరు (ఎబొనైట్) పెన్నుతోనే రాశారు. డ్రాపర్‌తో సిరా పోసుకునే రకం. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది, పాళీ మాత్రం వంగిపోయింది. ఇప్పుడు దస్తావేజు కంప్యూటర్లో టైపు అవుతుందిగానీ చిత్తు ప్రతి నేను చేత్తోనే రాస్తాను. హద్దులు, సర్వే నెంబర్లు, విస్తీర్ణం చేత్తో రాస్తేగానీ నాకు తప్పు కనపడదు.

జపాన్ వాళ్ళ సన్నపాళీ యూరప్ వాళ్ళ సన్నపాళీ కంటే ఇంకా సన్నంగా ఉంటుంది. వాళ్ళ రాతలో ఒక్క అక్షరంలోనే పాతిక గీతలు ఇరికించాలి కాబట్టి అలా చేసుకున్నారు. మనకీ అదే ఇబ్బంది. "లక్ష్మి" రాయండి, "రాష్ట్రం" రాయండి. లావుపాళీతో రాస్తే ఒత్తుల కింద ఒత్తులు ముద్దయిపోతాయి. ఈ మాట ఒక పెన్నుల పిచ్చివాడి వీడియోలో విన్నాను. ఇక ఆగలేదు.

కొన్నది జపాన్‌లో ఉన్న ఒక చిన్న దుకాణం వెబ్‌సైట్లో. పెన్ను 16,000 యెన్‌లు. పంపే ఖర్చు 2,000. కింద ఇంకో వరుసలో "ట్యాక్స్: 0" అని ఉంది, దాని కింద మొత్తం 18,000.

ఆ సున్నా దగ్గరే పడ్డాను.

నేను దాన్ని "పన్నేమీ లేదు" అని చదువుకున్నాను. అది జపాన్ పన్ను గురించి చెప్పిన సున్నా. అక్కడ కొనేవాళ్ళకి వినియోగపు పన్ను 10 శాతం పడుతుంది, బయటి దేశానికి పోయే సరుకు మీద దాన్ని వెయ్యరు. అంతే. ఇండియాలో దిగాక పడే పన్ను సంగతి ఆ వరుసకి సంబంధం లేదు. ఆ సంగతి ఉన్నది పేజీ అడుగున, బూడిదరంగు సన్నక్షరాల్లో: దిగుమతి సుంకాలు, పన్నులు ధరలో కలపలేదు, అవి కొన్నవారి బాధ్యత. తర్వాత వెతికితే కనపడింది. అబద్ధం ఆడలేదు వాళ్ళు. మనూళ్ళో "ఉన్నది ఉన్నట్టుగా" అనే షరతు పెట్టి ఇల్లమ్మేవాడు కూడా అబద్ధం ఆడడు.

డబ్బు కట్టేముందు ఆ దుకాణం నుంచి మెయిల్ వచ్చింది. ఎంత మర్యాదో! మా అమ్మాయి చదివి చెప్పింది. డబ్బా మీద విలువ ఎంత రాయమంటారు, తగ్గించి రాయమంటారా అని అడుగుతున్నారట. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. విలువ తగ్గించి రాయమని రోజుకి ఇద్దరైనా నన్ను అడుగుతారు. స్టాంపుల చట్టం 47ఏ కింద కేసు ఎలా పడుతుందో, తేడా డబ్బు ఎలా కట్టాల్సొస్తుందో చెప్పి పంపుతుంటాను. అందుకని "అసలు ధరే రాయండి" అని జవాబు పెట్టించాను. అంత దూరం ఆలోచించినవాణ్ణి, విలువ ఎందుకు తగ్గిస్తామంటున్నారో, దాని మీద ఏం లెక్క కడతారో ఆలోచించలేదు చూడండి.

పదో రోజున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మీ పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగింది, ఈ లింకు నొక్కి కేవైసీ పెట్టండి, 8,823 రూపాయలు కట్టండి అని.

నేను నవ్వుకున్నాను. ఆ రోజుల్లో పేపర్ తెరిస్తే ఇదే వార్త. మీ పార్సిల్‌లో మత్తుమందు దొరికింది, కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం అని ఫోన్ చేసి లక్షలు లాగేస్తున్న ముఠాలు. మా ఆఫీసు గోడ మీదా అంటించారు, మోసపోతే 1930కి ఫోన్ చెయ్యమని. పెన్ను పది వేలు అయితే పన్ను తొమ్మిది వేలేంటి, దొంగలకి లెక్క కూడా రాదు అనుకుని మెసేజ్ చెరిపేశాను. మర్నాడు ఇంకోటి వచ్చింది. అదీ చెరిపేశాను. మూడోది ఆధార్ ఫొటో అడిగింది. దాన్ని మా ఆవిడకి చూపించి, "చూశావా, ఎంత తెలివో" అన్నాను.

నాలుగో రోజు రాత్రి అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి "పెన్ను వచ్చిందా నాన్నా?" అంది. మెసేజ్‌ల సంగతి చెప్పాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు.

"నాన్నా, అది నిజమైందేమో."

మెసేజ్‌లో లింకు నొక్కొద్దంది. జపాన్ దుకాణం పంపిన మెయిల్‌లో పార్సిల్ నెంబరు ఉంటుంది, దాన్ని కొరియర్ వాళ్ళ సొంత వెబ్‌సైట్లో తనే కొట్టి చూసింది. నిజమే. పెన్ను ఇండియాలో దిగి ఐదు రోజులైంది. నేను దొంగలనుకున్నవాళ్ళు నాకోసం ఎదురుచూస్తున్నారు. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే గోడౌన్ అద్దె కూడా పడేదట.

అప్పుడైనా కట్టేసి ఊరుకోవచ్చు. నా వల్ల కాలేదు. ఏ లెక్కన 8,823 అయిందో కాగితం చూపించండి అని పట్టుబట్టాను. కొరియర్ ఆఫీసులో ఫోనెత్తిన పిల్ల చాలాసేపు "సిస్టమ్‌లో అంతే చూపిస్తోంది సార్" అంది. నేనూ చాలాసేపు "బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ పంపండమ్మా" అన్నాను. దిగుమతి సరుకు విలువ, సుంకం లెక్క ఉండే కస్టమ్స్ కాగితం అది. ఆ మాట మా అమ్మాయి నేర్పింది. చివరికి రెండు పేజీల పీడీఎఫ్ వచ్చింది. ప్రింటు తీసి, స్థలం పాత దస్తావేజు చదివినట్టు వేలు పెట్టి చదివాను.

మొదటి ఆశ్చర్యం: పన్ను పెన్ను మీద మాత్రమే కాదు, పెన్నుని పంపిన ఖర్చు మీద కూడా. విమానం చార్జీ 2,000 యెన్‌లు విలువలో కలిసిపోయాయి. ఇన్సూరెన్స్ నేను చేయించలేదు. చేయించకపోతే సరుకు విలువలో 1.125 శాతం వాళ్ళే వేసేసుకుంటారట. యెన్ రేటు నా బ్యాంకుది కాదు, కస్టమ్స్ వాళ్ళు ప్రకటించింది, వంద యెన్‌లకి 56 రూపాయల 50 పైసలు. ఇది చదివాక కొంచెం తేలికపడ్డాను. మా దగ్గరా అంతే కదా, మీరెంతకి కొన్నా సర్కారు విలువ సర్కారుదే. అలా కట్టిన విలువ 10,272 రూపాయలు.

అక్కణ్ణుంచి మెట్లెక్కింది. సొంత వాడకానికి తెప్పించుకునే సరుకుకి 9804 అని ఒక పద్దు ఉంది. పెన్నయినా, బొమ్మయినా, బూట్లయినా కొరియర్‌లో మనిషి పేరున వస్తే ఈ పద్దులోకే నెడతారు. అప్పట్లో దాని మీద కస్టమ్స్ సుంకం 35 శాతం: 3,595 రూపాయలు. ఆ సుంకం మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి: 360. ఇప్పుడు ఈ మూడూ కలిపితే 14,227. ఈ మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ, 28 శాతం: 3,983. అంటే కట్టిన సుంకం మీద కూడా మళ్ళీ పన్ను. కూడితే 7,938. కాలిక్యులేటర్ తిప్పి చూశాను, సరిగ్గా 77.28 శాతం. నూటికి ఏడున్నర చెప్తేనే "అంతా?" అని గుండె పట్టుకునే మా పార్టీలు గుర్తొచ్చారు.

ఇంతవరకు నాకు కోపం లేదు. ప్రభుత్వం పన్ను వేసింది, ఎంత వేసిందో బహిరంగంగా రాసి పెట్టింది, నేను చదవలేదు. కోపం వచ్చింది చివరి వరసకి: "అడ్వాన్స్‌మెంట్ ఫీజు 750, దాని మీద జీఎస్టీ 18 శాతం, 135." ఇదేంటమ్మా అంటే, మీ తరఫున సుంకం మేం ముందుగా కస్టమ్స్‌కి కట్టాం సార్, ఆ సేవకి అంది. నేను డబ్బు కట్టేదాకా పార్సిల్ కదలదంటున్నారు కదా, మరి మీరు ముందు కట్టిందేంటి అన్నాను. "పాలసీ సార్" అంది. ఆ పిల్లననేం లాభం. నా దగ్గర ఎవరైనా చలానా నేనే కట్టిపెట్టమంటే కడతాను, దానికి కూలి తీసుకోను. తీసుకున్నా ముందే చెప్తాను. ఈ 885 రూపాయలు ఏ ప్రభుత్వం పుస్తకంలోనూ లేవు, జపాన్ పేజీ అడుగున సన్నక్షరాల్లోనూ లేవు. పార్సిల్ వాళ్ళ చేతిలో పడ్డాకే పుట్టాయి. 7,938 మర్చిపోయాను గానీ ఆ 885 ఇప్పటికీ పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

కట్టాను. వద్దంటే తిరిగి జపాన్ పోతుందట, పోయే చార్జీ నా డబ్బులోంచే కోసుకుంటారట.

నెలాఖరుకి కార్డు బిల్లు వచ్చింది. 18,000 యెన్‌లకి 10,080 రూపాయలు. బావుంది. కింద ఇంకో వరస, విదేశీ లావాదేవీ కదాని మూడున్నర శాతం, దాని మీద మళ్ళీ జీఎస్టీ, కలిపి 416. మా ఆవిడ వెనక నిలబడి కూడిక వేసింది. పెన్ను చూసినప్పుడు తొమ్మిది వేల లోపు. ఇంట్లో అడుగుపెట్టేసరికి 19,319.

"ఏవండీ, ఇది సిరా పోస్తే రాస్తుందా, లేక దానికీ ఏదైనా కట్టాలా?" అంది.

సంక్రాంతికి మా బావమరిది డాలస్ నుంచి వచ్చాడు. పెన్ను కథ ఈసరికి చుట్టాలందరికీ పాకింది. "బావగారూ, ఒక్క ఫోన్ కొట్టాల్సింది. మా ఇంటికి తెప్పించి చొక్కా జేబులో పెట్టుకొచ్చేవాణ్ణి" అన్నాడు. నిజమే. సామానుతో వచ్చే మనిషికి అప్పట్లో యాభై వేల దాకా సుంకం లేదు. అదే పెన్ను మనిషి జేబులో దిగితే ఒక లెక్క, డబ్బాలో ఒంటరిగా దిగితే ఇంకో లెక్క. పోనీ ఈసారి అక్కణ్ణుంచే గిఫ్ట్ అని రాసి పంపేస్తా అన్నాడు. అప్పటికి నేను ఈ విషయంలో ప్లీడరునయ్యాను. గిఫ్ట్ అనే దారి 2019 డిసెంబర్‌లోనే మూసేశారు నాయనా అన్నాను. విదేశీ యాప్‌లు అమ్మిన సరుకంతా కానుకల పేరుతో దించేస్తుంటే విసిగిపోయి మూసేశారు. ప్రాణాలు కాపాడే మందులు, రాఖీలు, ఈ రెండిటికే మినహాయింపు. రాఖీతో పాటు స్వీట్ల డబ్బా పెడితే దానికి మినహాయింపు లేదు. "అయితే పెన్నుకి దారం కట్టి పంపుతా" అన్నాడు వాడు.

ఇంకో చిత్రం చెప్పాలి. సుంకం మొత్తం వంద రూపాయలు, ఆ లోపు అయితే వసూలు చెయ్యకూడదని కస్టమ్స్ చట్టంలోనే ఉంది. విని సంతోషించాను. తర్వాత తిరగేసి లెక్క కట్టాను. 77.28 శాతం మీద వంద రూపాయల సుంకం అంటే సరుకు విలువ 129 రూపాయలు, అదీ పంపే ఖర్చుతో కలిపి. నూట ఇరవై తొమ్మిది రూపాయలకి జపాన్ నుంచి ఏం వస్తుంది? ఖాళీ కవరు కూడా రాదు.

ఆ తర్వాత శాతాలు తగ్గాయి. 2025 బడ్జెట్లో 35ని 20 చేశారు. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి ఈ పద్దుకి జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. 2026 బడ్జెట్లో ఆ 20నీ 10 చేస్తామని ప్రకటించారు. కొంపలు మునిగిపోతున్నట్టు కార్తీక మాసంలో కొన్నాను గానీ, ఆగి ఉంటే సగానికి సగం మిగిలేది. కొరియర్ వాళ్ళ ఫీజు తగ్గిందని మాత్రం ఎవరూ ప్రకటించలేదు. మా అమ్మాయి చెప్పడం, కొన్ని పెద్ద సైట్లలో దిగుమతి ఖర్చంతా కొనేటప్పుడే కలిపి చూపిస్తారట, తేడా వస్తే తిరిగి ఇస్తారట. డీడీపీ అంటారు దాన్ని, సుంకం కట్టేసి గుమ్మంలో అప్పగించడం. ఆ మూడక్షరాలు లేవంటే గుమ్మం దగ్గర ఇంకో బిల్లు ఉన్నట్టే. ధర కొంచెం ఎక్కువ కనపడుతుంది, కనపడనీ. మా చీటీ పద్ధతి కూడా అదే కదా.

పెన్ను ఎలా ఉంది అని ఎవరూ అడగలేదు, నేనే చెప్తాను. నల్లది, వేలెడంత లావు, పాళీ పద్నాలుగు క్యారెట్ల బంగారం. సిరా ఊళ్ళోదే పోశాను. మొదట రాసింది "శ్రీరామ". రావత్తు గీత ఒక్క వెంట్రుకంత సన్నంగా వచ్చి, ఎక్కడా తెగకుండా తిరిగింది. తర్వాత "తూర్పు: గెడ్డం వారి ఖాళీ స్థలం, దక్షిణం: పంచాయతీ రోడ్డు" అని అలవాటుకొద్దీ రాసుకుంటూ పోయాను. ఒత్తులన్నీ విడివిడిగా, లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. నాన్న పెన్ను బయటికి తీసి పక్కన పెట్టుకున్నాను కాసేపు. దాని పాళీ సరిచేయించడానికి కోటగుమ్మం వైపు వెళ్తే రెండొందలు అడిగారు. ముందే చెప్పారు.

శాతాలు ఇంకా తగ్గకముందే, బావమరిది తిరిగెళ్ళిన వారానికి, మా పక్క బల్ల స్టాంప్ వెండరు గారబ్బాయి ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. అమెరికా సైట్లో బూట్లు చూశాడు, ఇక్కడ ఆ రంగు దొరకదట. "బాబాయ్, నూట ఇరవై డాలర్లే. ట్యాక్స్ కూడా సున్నా అని ఉంది."

కుర్చీ చూపించాను. పాత చలానా ఒకటి తిరగేసి పెన్ను మూత తీశాను. నూట ఇరవై, పంపే ఖర్చు ముప్ఫై ఐదు, డాలరు ఎనభై ఆరు, 13,330. దాని కింద 77.28, దాని కింద కొరియర్ వాళ్ళ అడ్వాన్సు, దాని మీద జీఎస్టీ, దాని కింద కార్డు వాళ్ళ మూడున్నర. గీత గీసి ఇరవై ఐదు వేలు అని వేసి వాడి వైపు తిప్పాను.

వాడు కాగితం చూశాడు, ఫోన్ చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. "బాబాయ్, ఈ పెన్ను భలే రాస్తుందే, ఎంత?" అన్నాడు.